మా పెరటి పరిమళం

కుక్కను పెంచుకోవడం ముచ్చటే గాని, ఆ ముచ్చట వెనక పెరట్లో వొక పని పుడుతుందని నాకెవరూ ముందుగా చెప్పలేదు. విశాఖపట్నం సీతమ్మధారలో మా యిల్లు. సాయంకాలం సముద్రపు గాలి పెరటి దారినే లోపలికి వస్తుంది. మా అబ్బాయి కుక్కపిల్లను తెచ్చిన కొన్నాళ్ళకే, ఆ గాలి వీచేవేళ తలుపులు మూసుకోవలసిన గతి పట్టింది.

రోజూ జామచెట్టు కింద కుర్చీ వేసుకునే మా అమ్మ వీధి అరుగు మీదికి మారింది. కారణం చెప్పలేదు. నేనూ అడగలేదు.

ముందు ఫినాయిలు పోశాను. గంటసేపు రెండు వాసనలూ కలిసి వచ్చాయి. కుక్క ఆ తడిలో తిరిగి కాళ్ళు నాక్కుంటుంటే భయమేసి మానేశాను. తరువాత బ్లీచింగు పౌడరు చల్లాను. కళ్ళు మండి, దగ్గుకుంటూ లోపలికి పరుగెత్తాను.

మా కాలేజీ రసాయనశాస్త్రం మాష్టారు విని తల పట్టుకున్నారు. "మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విడగొడితే అమోనియా పుడుతుంది. ఆ ఘాటు దానిదే. దానిమీద బ్లీచింగు పడితే క్లోరమీను అనే విషవాయువు తయారవుతుంది మాష్టారూ!"

పశువుల డాక్టరుగారు మరొక మాట చెప్పారు. "కంపు నయమండీ, ముక్కుకు తెలుస్తుంది. పురుగుల గుడ్లకు వాసన వుండదు." తాజా మలంలోని ఏలికపాముల గుడ్లు వెంటనే అంటుకోవట. మట్టిలో కొన్ని వారాలు ముదిరితేనే ప్రమాదం. ముదిరాక యేళ్ళ తరబడి బతుకుతాయి. కొంకిపురుగుల పిల్లలైతే వారం పది రోజుల్లోనే, తడినేల మీద వట్టికాళ్ళతో నడిచేవారి చర్మంలోకి చొరబడగలవు.

మా అమ్మ పెరట్లో యేనాడూ చెప్పులు తొడిగిన మనిషి కాదు.

అంతటితో వాసన కప్పే మందుల వేట మానేశాను. రోజూ కాఫీకి ముందే చిన్న పారతో యెత్తి, సంచీలో కట్టి పారేస్తాను. కూరపాదులకు మాత్రం వేయను. మూత్రం యింకినచోట బెత్తెడు మట్టి తవ్వి తీసి యిసుక పోశాను. గోడవార కమ్ముకున్న కొమ్మలు కొట్టించి యెండ పడనిచ్చాను. వాననీరు నిలవకుండా నేల వాలు చేయించాను. గచ్చును నీళ్ళతో బాగా కడిగి, ఆపైన నీళ్ళు కలిపిన వెనిగారు చల్లుతాము; ఆ పులుపు అమోనియాను విరుస్తుంది. బ్లీచింగు వున్నచోట మాత్రం వెనిగారు పోయరాదు, అదీ విషమే. కుక్కకు గడువు తప్పకుండా నులిపురుగుల మందు పడుతోంది.

నెల తిరిగింది. వొక సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి జామచెట్టు కింద కుర్చీ, కుర్చీలో అమ్మ, పక్కన కుక్క.

"చెప్పులు వేసుకోమ్మా" అన్నాను.

"గాలి బాగుందిరా" అంది.