గడియారం చూస్తే నేరమా?

రాత్రి రెండు. మా పెదనాన్న మంచం మీద కూర్చుని గోడ గడియారం వంకే చూస్తున్నాడు. నోటి క్యాన్సర్. నొప్పి దవడ నుంచి చెవి దాకా పాకేది. "ఒరేయ్, టైమైందా?" అని పావుగంటకోసారి అడుగుతున్నాడు. "ఇంకా రెండు గంటలుంది మావయ్యా, ఓర్చుకోండి" అంది వదిన. మార్ఫిన్ మాత్రల అట్టను ఆవిడ బియ్యం డబ్బాలో దాచింది. పెద్దాయన మందుకి మరిగాడని అప్పటికే ఇంటిల్లిపాదీ నమ్మేశారు. నేనూ నమ్మాను.

డాక్టరు రాసింది నాలుగు గంటలకోసారి. అలవాటు పడతాడన్న భయంతో మేం ఆరు గంటలకోసారి ఇచ్చాం. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేదే సుమారు నాలుగు గంటలు. అంటే ప్రతి మాత్రకీ రెండు గంటలు ఆయన్ని నరకంలో కూర్చోబెట్టి, గడియారం చూస్తున్నాడని ఆయన్నే అనుమానించాం.

ఇది మా ఇంటి సంగతే కాదు. 1989లో వైస్‌మన్, హ్యాడాక్స్ అనే అమెరికన్ వైద్యులు 17 ఏళ్ల ల్యుకేమియా కుర్రాడి గురించి రాశారు. చాలీచాలని మందు ఇవ్వడం వల్ల అతను పదేపదే అడిగాడు. అడిగినకొద్దీ సిబ్బందికి అనుమానం పెరిగింది. దీనికి వాళ్లు 'నకిలీ వ్యసనం' అని పేరు పెట్టారు. తర్వాత మందుల కంపెనీలు ఆ మాటనే అమ్మకాలకు వాడుకున్నాయి. మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ మందుల వల్ల అమెరికాలో లక్షల ప్రాణాలు పోయాయి. వ్యసనం భయం ఉత్తిది కాదు. కానీ ఆ భయంతో అక్కడ 2016లో తెచ్చిన మార్గదర్శకాలను చాలాచోట్ల గుడ్డిగా అమలు చేసి, ఏళ్లుగా మందు వాడుతున్నవాళ్లకు ఉన్నట్టుండి ఆపేశారు. 2022లో వాటిని సవరించాల్సి వచ్చింది.

మన కథ వేరు. మనకు మందు పొంగిపొర్లింది ఎప్పుడు? మన వంటింటి గసగసాల మొక్క నుంచే నల్లమందు, అందులోంచే మార్ఫిన్. రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ రైతులు లైసెన్సుతో పండిస్తారు. అయినా 1985 నాటి మత్తుమందుల చట్టం కాగితాలకూ, శిక్షలకూ జడిసి ఎన్నో ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సడలించారు. మందుల షాపువాడి చూపు మాత్రం సడలలేదు. చీటీ చూడగానే "మత్తు బిళ్లలా? మా దగ్గర ఉండవు" అంటూ మా అన్నయ్యను ఎగాదిగా చూశాడు.

క్యాన్సర్ రోగికైనా కాస్త జాలి దొరుకుతుంది. పాడేరు, అరకు, ఉట్నూరు వైపు సికిల్ సెల్ ఉన్న పిల్లల సంగతి ఆలోచించండి. కొడవలిలా వంగిన రక్తకణాలు సన్నటి నాళాల్లో ఇరుక్కుంటే ఎముకలు పిండేసినట్టుంటుంది. పైకి గాయం ఉండదు, వాపు ఉండకపోవచ్చు, బీపీ మామూలుగానే ఉండొచ్చు. ఏళ్లతరబడి ఆ నొప్పి పడ్డవాడు కాబట్టి ఏ ఇంజెక్షన్‌తో తగ్గుతుందో వాడికి తెలుసు. చెబితే, "పేరు కూడా తెలుసే నీకు!" అన్న చూపు. షుగర్ రోగి తన ఇన్సులిన్ యూనిట్లు చెబితే జాగ్రత్తపరుడంటాం. నొప్పి ఉన్నవాడు మందు పేరు చెబితే దొంగను చూసినట్టు చూస్తాం. ఇది అన్యాయం.

చివరికి నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ వైద్యం చేసే ఓ డాక్టరమ్మ పెదనాన్న పక్కన కూర్చుని, "నొప్పి ఎన్నింటికి మొదలవుతోంది బాబాయ్?" అని అడిగింది. అప్పటిదాకా ఆ మాట మేమెవరం అడగలేదు. మాత్రలు నాలుగు గంటలకొకటి చేసి, రాత్రి పడుకునే ముందు రెండు వేయమంది. మలబద్ధకానికి మందు కూడా రాసింది. మూడో రోజుకి పెదనాన్న గడియారం చూడడం మానేశాడు. పొద్దున్నే పేపరు అడిగాడు.

మీ ఇంట్లో ఎవరైనా అలా గడియారం చూస్తుంటే మాత్రలు దాచకండి. నొప్పి ఎప్పుడొచ్చింది, మాత్ర ఎన్నింటికి వేశారు, ఎంతసేపు తగ్గింది అన్నవి ఓ నోట్‌బుక్‌లో రాసి డాక్టరు ముందు పెట్టండి. అక్కడ మార్ఫిన్ లేదంటే, పాలియేటివ్ కేర్ విభాగం ఎక్కడుందో అడగండి. హైదరాబాద్ ఎమ్‌ఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రిలో ఉంది.