రొయ్యమ్మని ఇంటికి పిలిచేముందు...

రొయ్య అనగానే గోంగూరతోనా, చింతచిగురుతోనా అన్నదే మనకు తెలిసిన మీమాంస. ఈమధ్య కొన్ని ఇళ్లలో ఇంకోరకం చర్చ నడుస్తోంది. హాల్లో ఉన్న ఉప్పునీళ్ల అక్వేరియంలో రొయ్యని వెయ్యాలా, వద్దా అని!

నవ్వకండి. ఇవి కూరకొచ్చే రొయ్యలు కావు. సముద్రంలో పగడపు దిబ్బల దగ్గర బతికే రంగురంగుల బుల్లి ప్రాణులు. దిబ్బను తలపించేలా రాళ్లు పేర్చి, వాటిమీద పుట్టగొడుగుల్లాంటి మెత్తటి జీవుల్ని పెంచే తొట్టెని రీఫ్ ట్యాంక్ అంటారు. (గట్టి పగడాల జోలికి మాత్రం వెళ్లకండి. మన దేశంలో వాటిని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు.)

అందం మాట అలా ఉంచితే, ఈ రొయ్యలు పనిమంతులు కూడా. క్లీనర్ రొయ్యనే చూడండి. ఎర్రటి వీపు మీద తెల్లటి చార, పొడుగాటి తెల్ల మీసాలు. ఓ రాతి మీద దుకాణం తెరిచి కూచుంటుంది. చేపలు వచ్చి ఒళ్లప్పగిస్తాయి. పురుగూ పుట్రా ఏరిపెడుతుంది. అలాగని చేపలకి తెల్లమచ్చల జబ్బు చేస్తే ఇదే వైద్యం అనుకోవద్దు. ఆ పరాన్నజీవి చేప చర్మం లోపల దాక్కుంటుంది, రొయ్యకి అందదు. ఇంకో వింత, ఈ జాతిలో పెద్దయిన ప్రతి రొయ్యా తండ్రీ అవుతుంది, తల్లీ అవుతుంది. ఏ రెండింటిని తెచ్చినా జంటే!

పిస్టల్ రొయ్యకి చూపు అంతంతమాత్రం. అది ఇసుకలో బొరియ తవ్వుతుంటే గోబీ అనే చేప గుమ్మంలో కాపలా కాస్తుంది. రొయ్య తన మీసాన్ని చేప ఒంటికి ఆనించి ఉంచుతుంది. ప్రమాదం కనిపిస్తే చేప తోక ఆడిస్తుంది, ఇద్దరూ లోపలికి! ఇంత అన్యోన్యమైన కాపురాలు మనుషుల్లో ఎన్నుంటాయంటారు?

ఇవన్నీ విన్నాక హైదరాబాదులో మా చెల్లెలి కొడుకు రొయ్య కావాల్సిందేనని పట్టుపట్టాడు. వాళ్ల తొట్టెలో రెండు క్లౌన్ చేపలు, ఎర్రటి హాక్ ఫిష్ ఒకటి ఉన్నాయి. చిక్కంతా ఆ హాక్ ఫిష్‌తోనే. చిన్న రొయ్య దానికి స్నేహితుడిలా కాదు, ఫలహారంలా కనిపిస్తుంది. అందులోనూ రొయ్య ఎదిగేకొద్దీ గుల్ల విడుస్తుంది కదా, భీమవరం వైపు చెరువుల వాళ్లకి ఇది బాగా తెలుసు. కొత్త గుల్ల గట్టిపడేదాకా ఒళ్లంతా మెత్తగా ఉంటుంది, పారిపోయే ఓపికా ఉండదు. అప్పుడు పక్కన హాక్ ఫిష్ ఉంటే ఇంకేముంది! (విడిచిన గుల్ల అచ్చం రొయ్యలాగే ఉంటుంది. చచ్చిపోయిందని పిల్లలు ఏడుపు లంకించుకుంటారు. రెండుమూడు రోజులు ఆగితే అసలుది బయటికొస్తుంది.)

ఇక చాకిరీ సంగతి. ముచ్చట పిల్లలది, చాకిరీ మనది అన్నది మీకు నేను చెప్పాలా? చారు మరిగేకొద్దీ ఉప్పెక్కినట్టే తొట్టెలో నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఉప్పు పెరుగుతుంది. తగ్గినంత మేరా రోజూ మంచినీళ్లే, అదీ ఆర్వో నీళ్లే పొయ్యాలి, ఉప్పునీళ్లు కాదు. ఉప్పులో హఠాత్తుగా వచ్చే హెచ్చుతగ్గుల్ని చేప ఓర్చుకున్నా రొయ్య ఓర్చుకోలేదు. రాగి దానికి విషం. రాగి బిందెలో నీళ్లు ఒంటికి మంచివని తెచ్చి తొట్టెలో పోశారో, అంతే సంగతులు. చేపల జబ్బులకి వాడే కొన్ని మందుల్లోనూ రాగి ఉంటుంది. రొయ్య ఉన్న తొట్టెలో వాటిని వాడకూడదు. బొద్దింకల మందు కొట్టాలన్నా వెయ్యిసార్లు ఆలోచించాలి. బొద్దింకా రొయ్యా దూరపు చుట్టాలు, ఒకదాన్ని చంపే మందు రెండోదాన్నీ చంపుతుంది.

ఎండాకాలం కరెంటు పోతే పంపు ఆగుతుంది, నీళ్లు వేడెక్కుతాయి. ఇన్వర్టరో, బ్యాటరీతో నడిచే గాలి పంపో లేని ఇంట్లో రొయ్య మాటే ఎత్తకూడదని నా అభిప్రాయం. తొట్టె పెట్టి నెల తిరక్కుండానే తొందరపడటం కూడా అంతే. ఈ రొయ్యల్లో చాలావాటిని సముద్రంలోంచే పట్టి తెస్తారు. మన సరదా కోసం వచ్చి వారంలో ప్రాణం విడిస్తే మనసుకి బావుంటుందా?

మా చెల్లెలు కొడుకుని కూచోబెట్టి, హాక్ ఫిష్ కావాలా, రొయ్య కావాలా తేల్చుకోమంది. వాడు మూడు రోజులు అలిగి, చివరికి హాక్ ఫిష్ వైపే మొగ్గాడు. తొట్టెలో అలాంటి శత్రువులెవరూ లేరూ, ఇంట్లో చూసేవాళ్లున్నారూ అంటే మీరు నిరభ్యంతరంగా తెచ్చుకోవచ్చు. కొనేముందు మీ ఎదురుగా దానికి మేత వెయ్యమనండి. తింటేనే తీసుకోండి. ఇంటికి తెచ్చాక గభాల్న తొట్టెలో వదిలెయ్యకండి. సన్నటి గొట్టానికి ముడి వేసి, తొట్టె నీళ్లు దాని గిన్నెలోకి గంటకి పైగా బొట్టుబొట్టుగా పడనివ్వండి. ఆ రాత్రికి లైట్లు ఆర్పేసి దాన్ని దాని మానాన వదిలెయ్యండి.