విజ్ఞానయాత్రకు ముందు అడుగవలసిన ప్రశ్న



విజ్ఞానయాత్ర అనగానే బస్సు, మిత్రులు, భోజనపు పొట్లము మీకు గుర్తుకు వచ్చును. అవి సంతోషకరమైనవే. కాని ఏమి తెలిసికొనవలెనో ముందే నిశ్చయించుకొని వెళ్లినవారికే యాత్ర ఫలించును. మన మారిషస్ దేశములో తెలుగు విద్యార్థులు వరుసగా చూడదగిన చోట్లు మూడు ఉన్నవి.

మొదటిది పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్. 1849లో ఇక్కడ వలస కూలీల విడిది ఏర్పడినది. బానిసత్వము రద్దయిన పిదప చెఱకు తోటలలో పని చేయుటకు భారతదేశము నుండి ఒప్పందముపై కూలీలను రప్పించినారు. 1834 మొదలు 1920 వరకు దాదాపు అయిదు లక్షల మంది ఈ ద్వీపమునకు వచ్చినారు. తెలుగు జిల్లాల నుండి వచ్చిన మన పూర్వికులును వారిలో ఉన్నారు. 2006లో యునెస్కో ఈ స్థలమును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. అక్కడి రాతి మెట్లను మీరే ఎక్కి లెక్కించండి. ఓడ దిగినవారు ఆ మెట్ల మీదుగానే విడిదికి చేరినారు. వారు వచ్చినందుకు గుర్తుగానే ఏటా నవంబరు 2న మనకు సెలవు.

రెండవది పాంప్లెమూస్ సమీపమున బో ప్లాన్‌లోని చక్కెర ప్రదర్శనశాల. ఇది పూర్వము చక్కెర కర్మాగారము. చెఱకును పిండుట, రసమును కాచుట, చక్కెర గట్టిపడుట ఎట్లు జరిగెనో పాత యంత్రముల నడుమ నడచుచు గ్రహింపవచ్చును. మెట్లెక్కి వచ్చినవారు కోసిన చెఱకు ఇట్టి కర్మాగారములకే చేరినది.

మూడవది మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ. వలస వచ్చినవారి పేరు, తండ్రి పేరు, వయస్సు, స్వగ్రామము, ఎక్కిన ఓడ మొదలగు వివరములు వ్రాసిన పాత దస్తావేజులు ఇక్కడ భద్రముగా ఉన్నవి. కొందరి ఛాయాచిత్రములు కూడ కలవు.

అయితే ఒక చిక్కు కలదు. అన్ని లక్షల పేర్లలో మీ పూర్వికుని పేరు వెదకుట ఎట్లు? తెలుగు తెలియని గుమాస్తాలు తాము విన్నట్లు పేర్లను వ్రాసినారు. అప్పన్న, సన్యాసి, నరసింహులు వంటి పేర్లు అక్షరములు మారి, అనేక కుటుంబములకు ఇంటిపేర్లయినవి. కావున ఇంటిపేరు ఒక్కటే చాలదు. ముందుగా వచ్చినవారి పేరు, వారు పని చేసిన తోట, ఏదైన పాత కాగితముపై ఉన్న సంఖ్య తెలిసినచో వెదకుట సులభమగును.

ఈ సంగతులు తాతగారికో, నాయనమ్మగారికో, అమ్మమ్మగారికో తెలిసియుండవచ్చును. వారు చెప్పనిచో, మనము అడుగనిచో, అవి వారితోనే పోవును. కావున యాత్రకు ముందు వచ్చు ఆదివారము వారి వద్ద కూర్చుండి ఈ ప్రశ్న వేయండి: "మన ఇంటిలో మొట్టమొదట ఓడ దిగినవారెవరు?" వారు చెప్పినది చెప్పినట్లు తెలుగులో వ్రాసికొనండి. ఆ కాగితమును మీ సంచిలో పెట్టుకొని బస్సు ఎక్కండి.