మార్కుల గళ్లకు అందని చదువు

ఎనిమిదవ తరగతి విద్యార్థి ఒకడు గణితంలో ప్రతి పరీక్షకూ వెనుకబడుతున్నాడనుకోండి. అతడే సాంఘికశాస్త్రం ప్రాజెక్టు పనికై తన మండలపు ఐదేండ్ల వర్షపాతం వివరాలు సేకరించి, సగటు కట్టి, తప్పులేకుండ కమ్మీ రేఖాచిత్రం గీశాడు. ఆ చిత్రం గణితోపాధ్యాయుని కంట పడలేదు. గణితం మార్కులు సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుడు చూడలేదు. ఇద్దరి రిజిస్టర్లలోనూ ఉన్నది నిజమే. ఆ రెండు నిజాలూ ఎన్నడూ కలుసుకోలేదు. సంవత్సరాంతానికి ఆ బాలునికి మిగిలినది "లెక్కలు రానివాడు" అన్న ముద్ర ఒక్కటే.

చదువును గళ్లుగా విడదీయరాదన్న భావం మన దేశానికి క్రొత్తది కాదు. 1937లో గాంధీజీ అధ్యక్షతన వార్ధాలో జరిగిన విద్యా మహాసభ, చేతిపని కేంద్రంగా సాగే చదువును సమర్థించింది. జాకిర్ హుస్సేన్ సంఘం దానికి ప్రణాళిక రచించింది. నూలు వడికే బాలుడు పోగుల లెక్కతో గణితాన్నీ, ప్రత్తి పండే నేలలతో భూగోళాన్నీ నేర్వగలడు. అయితే ఏ పనిలో ఎవరు ఏమి నేర్చినదీ వ్రాసి నిలుపుకొనడం నిండు తరగతిలో ఒక్క ఉపాధ్యాయునికి దుస్సాధ్యం.

2009 నాటి విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని విధించింది. 2017లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి తరగతివారీగా అభ్యసన ఫలితాలను ప్రకటించింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ప్రగతి పత్రంలో విద్యార్థి స్వీయ మూల్యాంకనానికీ, తోటివారి అభిప్రాయానికీ చోటు కల్పించింది. కాని 2017 నాటి ఫలితాల పట్టిక కూడ విషయాల వారీదే. గోడలు కదలలేదు.

ఆ గోడలో కిటికీ తెరవడానికి డిజిటల్ సాధనం ఉపకరిస్తుంది. అందుకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఉపాధ్యాయులందరూ చూడగల ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. ఒక్కొక్క అడ్డువరుసలో విద్యార్థి చేసిన ఒక్కొక్క పని, దాని ఫోటో, తేదీ ఉంటాయి. ఆ పనికి ఎదురుగా అది నిరూపించే అభ్యసన ఫలితాలన్నీ నమోదవుతాయి. వర్షపాతపు చిత్రం ఒక్కటే సాంఘికశాస్త్రానికీ, గణితంలోని దత్తాంశ నిర్వహణకూ, దానితోపాటు వ్రాసిన నివేదిక తెలుగుకూ సాక్ష్యమవుతుంది. విద్యార్థి పేరు వెదికితే చాలు, అన్ని విషయాలలోని అతని పనులూ ఒక్క తెరపై నిలుస్తాయి.

అయితే సాధనమే లక్ష్యమైతే అనర్థం తప్పదు. నెలాఖరున గళ్లు నింపడమే పనిగా, అందరికీ ఒకే గుర్తు వేసే చోట పట్టిక నిండుతుంది, తరగతి మాత్రం మారదు. చూడకుండ నమోదు చేసిన అంకె చూడని అంకెయే. కంప్యూటరు దానికి ప్రాణం పోయలేదు. వారానికి కొందరు విద్యార్థులను శ్రద్ధగా గమనించి వ్రాసిన నాలుగు మాటలు అట్టి వంద గుర్తులకన్న విలువైనవి.

వర్షపాతపు చిత్రాన్ని తెరపై చూసిన గణితోపాధ్యాయుడు ఆ బాలుని పరీక్షాపత్రాన్ని మరల తీయవచ్చు. తప్పులు కూడికలో ఉన్నవా, లేక ప్రశ్నలోని దీర్ఘవాక్యం అర్థం కాలేదా? రెండవదే అయితే నేర్పవలసినది లెక్క కాదు, చదవడం. అప్పుడు తెలుగు ఉపాధ్యాయుడు కూడ ఆ పనిలో పాలుపంచుకుంటాడు. ఆ బాలునిపై పడిన ముద్ర చెరగడం అక్కడ మొదలవుతుంది.