కొలిమి కడుపులోకి చూసే గోరంత యాంటెన్నా

విశాఖ ఉక్కు కర్మాగారంలోని మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. మొదటి రెండూ కట్టిననాడు ఒక్కోదాని లోపలి పరిమాణం 3,200 ఘనపు మీటర్లు. ఇంతటి కొలిమిలో పైనుంచి కోక్, సింటర్, ఇనుప ఖనిజం పొరలుపొరలుగా పడుతుంటే కిందినుంచి వేడిగాలి ఎగదన్నుతుంది. పై పొర ఎక్కడ గుట్టగా ఉందో, ఎక్కడ గుంటపడిందో దాన్నిబట్టే గాలి దారి పడుతుంది, కోక్ ఖర్చు తేలుతుంది. ఆ దుమ్ములో మామూలు కెమెరా పనిచేయదు. బరువు కట్టి దించే పాత పద్ధతి ఒక్కచోటి లోతే చెబుతుంది. అందుకే ప్రపంచంలో పలు ఉక్కు కర్మాగారాలు రాడార్‌ను ఆశ్రయించాయి. ధూళి రేణువులు రాడార్ తరంగం పొడవుకంటే చాలా చిన్నవి కావడంతో తరంగం వాటిని దాటిపోతుంది.

కొలిమి నెత్తిన పెద్ద రంధ్రం పెట్టడం కుదరదు, కాబట్టి యాంటెన్నా చిన్నదే కావాలి. అయితే యాంటెన్నా చిన్నదైనకొద్దీ దాని కిరణం విచ్చుకుంటుంది. 5 సెంటీమీటర్ల యాంటెన్నాతో 10 గిగాహెర్ట్జ్ దగ్గర పంపిన కిరణం ఆరు మీటర్ల దూరంలో మూడున్నర మీటర్లకు పైగా పరుచుకుంటుంది. అదే 79 గిగాహెర్ట్జ్ దగ్గరైతే అర మీటరులోపే. అక్కడ తరంగదైర్ఘ్యం 3.8 మిల్లీమీటర్లు మాత్రమే. లోతులోని తేడాలు విడిగా తెలియాలంటే బ్యాండ్ వెడల్పు కావాలి: ఒక గిగాహెర్ట్జ్ వెడల్పుతో 15 సెంటీమీటర్లు, నాలుగింటితో 3.75 సెంటీమీటర్ల తేడా తెలుస్తుంది.

డిజైనర్‌కు అసలు పరీక్ష ఇక్కడే. కిరణాన్ని భాగాలేవీ కదపకుండా, విద్యుత్ సంకేతాలతోనే అటూఇటూ తిప్పాలంటే బుల్లి యాంటెన్నాలను వరుసగా పేర్చాలి. వాటి మధ్య ఎడం సగం తరంగదైర్ఘ్యం, అంటే 1.9 మిల్లీమీటర్లు, దాటితే బొమ్మలో లేని గుట్టలు కనిపించే ప్రమాదం ఉంది. అంత ఇరుకులో ఇమిడే రాగిరేకు ముక్కకు, అంటే ప్యాచ్‌కు, సహజంగా బ్యాండ్ వెడల్పు తక్కువ, 79 గిగాహెర్ట్జ్‌లో రెండు మూడు శాతమే. నాలుగు గిగాహెర్ట్జ్ రావాలంటే కావలసింది ఐదు శాతం. ప్యాచ్ కింద ఉండే పొరను మందం చేస్తే బ్యాండ్ వెడల్పు పెరుగుతుంది గాని, శక్తిలో కొంత పైకి పోకుండా ఆ పొరలోనే పక్కకు జారిపోతుంది. అందుకని ఒక ప్యాచ్ మీద మరొకటి పేర్చి, రెండింటినీ కాస్త ఎడంగా ఉన్న పౌనఃపున్యాలకు సరిచేస్తారు.

చెక్కడంలోనూ పొరపాటుకు చోటు లేదు. ప్యాచ్ పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. అందులో 0.05 మిల్లీమీటర్లు, అంటే వెంట్రుకంత, తేడా వస్తే పనిచేసే పౌనఃపున్యం నాలుగు గిగాహెర్ట్జ్ వరకు పక్కకు జరుగుతుంది. బ్యాండ్ మొత్తం చేజారినట్టే!

యాంటెన్నా ముందు వేడిని తట్టుకునే కిటికీ ఉంటుంది, దానికి దుమ్ము అంటకుండా నైట్రోజన్ ఊదుతారు. కిటికీ మందం దాని పదార్థంలోని సగం తరంగదైర్ఘ్యానికి సరిపోతే ప్రతిఫలనం తగ్గుతుంది. కానీ ఆ పొంతన ఒక్క పౌనఃపున్యానికే కచ్చితం, బ్యాండ్ అంచుల్లో ప్రతిఫలనం మళ్లీ తల ఎత్తుతుంది. కాబట్టి యాంటెన్నాను విడిగా కాక, కిటికీతో కలిపే లెక్కగట్టి, ప్రతిధ్వని లేని గదిలో కలిపే కొలుస్తారు.