సూర్యరశ్మికి నగరము కట్టిన వెల

ఎండకు వెల లేదని మన మనుకొనుచుందుము. వడియములు పెట్టుకొను గృహిణికిని, కల్లములో ధాన్య మారబోసికొను రైతునకును సూర్యుడెన్నడును బిల్లు పంపలేదు. కాని యా యెండయే విద్యుచ్ఛక్తిగా మారి యింటి తీగనుండి వీథి తీగలోనికి ప్రవేశించిన క్షణముననే దానికొక వెల యేర్పడును. ఆ వెలను నిర్ణయించువా రెవరు? ఏ లెక్కను బట్టి నిర్ణయింతురు? ఎంతకాలము నిలుపుదురు? ఇంటికప్పుపై సౌరఫలకములు పరచుట లాభమా, నష్టమా యను ప్రశ్నకు సమాధానము ఫలకములలో గాక యీ మూడు ప్రశ్నలలోనే యున్నదని మా యభిప్రాయము.

ఈ విషయమును విచారించుటకు అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమునకు రాజధానియగు ఆస్టిన్ నగరమును మేము గైకొనుచున్నాము. అందుకు కారణములు రెండు. సాంకేతికోద్యోగములకై పోయి యక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. ఇక రెండవది ముఖ్యమైనది. ఆ నగరమునకు విద్యుత్తు నందించు సంస్థ యే కంపెనీకిని చెందినది కాదు, నగరమునకే చెందినది. 1893 లో టెక్సస్‌లోని కొలరాడో నదిపై ఆనకట్ట కట్టించి, 1895 నుండి నగరమే విద్యుత్తును సమకూర్చ నారంభించెను. 1900 ఏప్రిలులో వచ్చిన వఱద యా యానకట్టను కొట్టుకొనిపోయెను. అంత నష్టము వాటిల్లినను నగరము తన విద్యుత్సంస్థను వదలుకొనలేదు. నేడు ఆస్టిన్ ఎనర్జీ యను పేర నా సంస్థ 5 లక్షలకు పైబడిన మీటర్లకు విద్యుత్తు నిచ్చుచున్నది. దాని ధరలను నిర్ణయించునది ప్రజలెన్నుకొనిన నగరసభ. దాని యాదాయమునుండి యేటేట పదికోట్ల డాలర్లకు మించిన మొత్తము నగరపు సామాన్యనిధికి చేరి, రక్షకభటులకు, ఉద్యానవనములకు, గ్రంథాలయములకు వినియోగపడుచున్నది.

కావున ఆస్టిన్ పౌరుడు తన విద్యుత్సంస్థకు కొనుగోలుదారు మాత్రమే కాడు, భాగస్వామి కూడను. 2002 నుండి టెక్సస్‌లో చాలభాగమున గృహస్థుడు తనకు నచ్చిన కంపెనీనుండి విద్యుత్తు కొనుక్కొనవచ్చును. నగరములు నడుపుకొను సంస్థలకును, సహకార సంఘములకును ఆ పోటీలో చేరుటకో మానుటకో స్వేచ్ఛ నీయబడెను. ఆస్టిన్ చేరలేదు. అందుచేత నచ్చటి గృహస్థునకు ధర నచ్చకున్నచో మఱియొక యంగడికి పోవు దారి లేదు. నగరసభకు పోయి వాదించు దారి మాత్రము కలదు. ఈ భేదమును గుర్తింపక యితర పట్టణములలోని మిత్రుల లెక్కలను చూచి ఫలకములు కొనువాడు పొరబడును.

ఇతర ప్రాంతములలో చిరకాలముగా నడచిన పద్ధతి యెట్టిదనగా: ఇంటికప్పుపై పుట్టిన యూనిట్లను, ఇంటివారు వాడిన యూనిట్లనుండి తీసివేసి మిగిలినదానికే బిల్లు వేయుదురు. వినుటకిది సులభముగను, న్యాయముగను తోచును. కాని ఆస్టిన్‌లో నెక్కువ వాడినకొలది యూనిట్ వెల అంచెలంచెలుగా పెరుగును. అందువలన పెద్దమేడలో విశేషముగా శీతలయంత్రములు నడుపువాని కప్పుపై పుట్టిన యూనిట్, వాని బిల్లులో పైయంచె యూనిట్‌ను తొలగించి యెక్కువ ధనము మిగిల్చును. పొదుపుగా బ్రదుకు చిన్నయింటివాని కప్పుపై పుట్టిన యూనిట్ క్రిందియంచె యూనిట్‌ను తొలగించి కొద్దిధనమే మిగిల్చును. ఎండ యొక్కటే, ఫలకము లొక్కటే. ప్రతిఫలము మాత్రము విస్తారముగా వాడువానికి హెచ్చు, పొదుపరికి తక్కువ! పైగా తీగలు, స్తంభములు, మరమ్మతులు మొదలగువాని ఖర్చు తగ్గదు గదా. ఒకరు తప్పించుకొనిన భాగము కప్పులేని యద్దెయింటివానిపై బడును.

ఈ దోషమును గ్రహించి ఆస్టిన్ సంస్థ 2012 అక్టోబరునుండి నూతన విధానమును ప్రవేశపెట్టెను. అమెరికాలో నిట్టి విధానము నవలంబించుట కదియే ప్రథమము. దీనికి ‘సౌరవిద్యుత్తు విలువ’ యని పేరు. ఇంటివారు వాడిన యూనిట్లన్నిటికిని ఇతరులవలెనే బిల్లు వేయుదురు. కప్పుపై పుట్టిన యూనిట్లన్నిటిని వేఱొక మీటరుతో కొలచి, యొక్కొక్క యూనిట్‌కు నిర్ణీతమైన వెల కట్టి యా మొత్తమును బిల్లులో జమవేయుదురు. ఆ వెల యూహించి చెప్పినది కాదు. కప్పుపై నొక యూనిట్ పుట్టుటవలన సంస్థ కొనవలసిన యింధనమెంత తగ్గును, దూరమునుండి తెచ్చునపుడు తీగలలో వ్యర్థమగు శక్తి యెంత మిగులును, క్రొత్త యుత్పత్తికేంద్రముల యక్కఱ యెంత తగ్గును, రాష్ట్రపు పెద్దతీగల రుసుమెంత తగ్గును, వాయుకాలుష్యము తగ్గుటవలన మేలెంత, అని యొక్కొక్కదానిని విడదీసి లెక్కించి కూడిన మొత్తమది. ధనికుని కప్పునకును పేదవాని కప్పునకును ఒక్కటే వెల. ఈ యంశమున ఆస్టిన్ విధానము మిక్కిలి న్యాయమైనదని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము.

దీనివలన మఱియొక విశేషము కలదు. పగటివేళనే బట్టలుతుకు యంత్రము నడుపుడు, మధ్యాహ్నముననే నీరు కాచుకొనుడు, అట్లయిన సౌరవిద్యుత్తు లాభించునని యితర ప్రాంతములవారు చెప్పు సలహా ఇచ్చట నుపయోగింపదు. ఆస్టిన్‌లో యూనిట్ ఏ గంటలో వాడినను జమ యొక్కటియే. కాలిఫోర్నియాలో 1923 నాటి ప్రజల యోటుతో నేర్పడి, 1946 డిసెంబరు చివరిదినమునుండి విద్యుత్తు నిచ్చుచున్న శాక్రమెంటో ప్రజాసంస్థ యందు స్థితి వేఱు. అచ్చట 2022 మార్చినుండి క్రొత్తగా ఫలకములు పెట్టినవారికి, ఇంటిలో వాడక బయటికి పంపిన యూనిట్‌కు 7.4 సెంట్లే జమవేయ నిర్ణయించిరి. కావున నచ్చట నింటిలో వాడిన యూనిట్ విలువ యెక్కువ, పంపిన యూనిట్ విలువ తక్కువ. రెండును ప్రజల సంస్థలే. రెండు చోట్ల బేరము వేఱు వేఱు. ప్రజల సంస్థ యన్నంతమాత్రమున గృహస్థునకు లాభము తనంతట తాను చేకూరదని యిందువలన స్పష్టమగుచున్నది.

ఇక లెక్కకు వత్తము. ఆస్టిన్ వెల 2012 లో యూనిట్‌కు 12.8 సెంట్లు. సహజవాయువు ధరలు పడిపోయినందున 2014 లో నది 10.7 సెంట్లకు దిగెను. 2018 లో 9.7 సెంట్లు, 2023 లో 9.91 సెంట్లు. ఒక గృహస్థుడు 6 కిలోవాట్ల ఫలకములు పెట్టినాడనుకొందము. ఆస్టిన్ యెండలో కిలోవాటుకు సాలీనా 1,400 యూనిట్ల చొప్పున 8,400 యూనిట్లు పుట్టునని లెక్క కట్టవచ్చును. 9.91 సెంట్ల వెలకు జమ సుమారు 830 డాలర్లు. వాటునకు 3 డాలర్ల చొప్పున పెట్టుబడి 18,000 డాలర్లు. నగరసంస్థ యిచ్చుచు వచ్చిన 2,500 డాలర్ల సాయమును తీసివేసిన 15,500 డాలర్లు. ఇందు కేంద్రప్రభుత్వము పన్నులో నూటికి 30 వంతున తగ్గింపు నిచ్చుచుండెడిది. అది యున్నపుడు గృహస్థుని భారము 10,850 డాలర్లు. పదమూడేండ్లలో సొమ్ము తిరిగి చేతికి వచ్చెడిది. కాని 2025 జులై 4 న సంతకమైన శాసనమువలన, 2025 డిసెంబరు 31 తరువాత పెట్టిన ఖర్చునకు గృహస్థులకా తగ్గింపు లేదు. ఇప్పుడు పదునెనిమిదిన్నర యేండ్లకు పైగా వేచియుండవలెను.

ఫలకములకు సాధారణముగా 25 ఏండ్ల హామీ యిత్తురు. ఏటేట వాని శక్తి కొంచెము కొంచెముగా క్షీణించును. నేరువిద్యుత్తును ఇంటికి పనికివచ్చు విద్యుత్తుగా మార్చు యంత్రమును నడుమ నొకమాఱు మార్చవలసివచ్చును. ఈ రెంటికిని తగినంత తీసివేసి, వెల మారదనుకొని 25 ఏండ్లకు మేము లెక్కించి చూడగా మిగులు సుమారు 2,000 డాలర్లు మాత్రమే. ఇరువదియైదేండ్ల నిరీక్షణకు ప్రతిఫలమిది! ఆ వెలయే 2012 నాటి 12.8 సెంట్లవద్ద నిలిచియుండినచో మిగులు 7,500 డాలర్లకు మించియుండెడిది. వెల 8 సెంట్లకు దిగినచో పెట్టుబడియే పూర్తిగా తిరిగిరాదు. రెండుమూడు సెంట్ల భేదము కుటుంబపు పాతికేండ్ల లెక్కను తాఱుమాఱు చేయుచున్నది.

చేతిలో సొమ్మున్నవాని సంగతి యిది. అప్పు చేసి ఫలకములు కొనువాని సంగతి యేమి? 15,500 డాలర్లకు నూటికి 7 వంతున వడ్డీ సాలీనా 1,085 డాలర్లు. కప్పు సంపాదించునది 830 డాలర్లు. వడ్డీకే చాలని యాదాయమునుండి యసలెట్లు తీఱును? వడ్డీ 5 వంతులైనను అసలునకు మిగులునది మొదటియేట 55 డాలర్లే. పంట వడ్డీకి చాలని పొలమును తాకట్టుపెట్టి సాగుచేసినవాని గతి యేమగునో మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. వాకిట నిలిచి, నేడు పైసా ఖర్చులేదు, బిల్లు మాయమగునని చెప్పు వర్తకుని మాటలు విను ప్రతి గృహస్థుడును ముందుగా నీ యొక్క గుణకారమును స్వయముగా చేసికొనవలెనని మా మనవి.

మఱి రెండు హెచ్చరికలు. ఆస్టిన్ పరిసరములలో నున్న వారందఱును నగరసంస్థ వాడుకరులు కారు. సీడార్ పార్కు, లియాండర్ వంటి ఊళ్లలో పెక్కిండ్లకు విద్యుత్తు నిచ్చునది పెడర్నాలెస్ సహకార సంఘము. దాని నియమములు వేఱు. బిల్లుపై నెవరి పేరున్నదో చూచిన పిమ్మటనే లెక్క మొదలిడవలెను. రెండవది: 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచుతుపాను పీడించినపుడు లక్షలకొలది యిండ్లు చీకటిలో మునిగినవి. బ్యాటరీ లేని సౌరఫలకములు వీథి తీగలో విద్యుత్తు ఆగినపుడు తామును ఆగిపోవును. స్తంభములపై పనిచేయువారికి ప్రాణాపాయము కలుగకుండుట కై చేసిన యేర్పాటది. విపత్కాలమున దీపము వెలుగునను నాశతో ఫలకములు మాత్రము కొనువాడు ఆశాభంగము నొందును. బ్యాటరీని చేర్చినచో పై లెక్క మఱింత బరువగును.

అట్లయిన నీ ప్రయత్నమే వ్యర్థమా? కాదు. అప్పులేనివాడును, ఆ యింట చిరకాలముండ దలచినవాడును, కప్పు దక్షిణముఖమై చెట్లనీడ లేనివాడును పెట్టుబడికి నష్టము లేకుండ నగరమునకు మేలు చేయగలడు. అధికలాభము నాశించువాడు మానుట మంచిది. కాని నగరసభకును ఒక బాధ్యత కలదు. ఫలకము పాతికేండ్ల వస్తువు. దాని ఫలమునకు కట్టిన వెల మాత్రము కొలది యేండ్లకే మారుచున్నది. గృహస్థుడు కప్పుపై బిగించిన ఫలకములను రేపు వెల తగ్గెనని మడచి దాచుకొనలేడు. నగరము తనకై యెండను పట్టియిమ్మని పౌరుని కోరినపుడు, కనీసము పది పదునైదేండ్లకు ఇంతకు తగ్గనీయమను హామీ యిచ్చుట ధర్మము. ఉత్పత్తికేంద్రములతో దీర్ఘకాలపు ఒడంబడికలు చేసికొను సంస్థ, తన పౌరునితో నట్టి యొడంబడిక చేసికొనుటకు వెనుదీయుట న్యాయముగ తోచదు.

మన దేశమునకు ఈ విచారము దూరమైనది కాదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వ మారంభించిన సూర్యఘర్ పథకమువలన 3 కిలోవాట్ల ఫలకములకు 78,000 రూపాయల సాయము లభించుచున్నది. ఆంధ్ర, తెలంగాణములలో పంపిణీసంస్థలు చాలవఱకు ప్రభుత్వమువి; సిరిసిల్లలో 1970 నుండి వాడుకరులదే యగు సహకార విద్యుత్సంఘము పనిచేయుచున్నది. సాయపు మొత్తమును చూచి సంతసించుటతో మనవారు నిలిచిపోరాదు. కప్పుపై పుట్టిన యూనిట్‌కు వెల యెంత, అది యెన్నేండ్లు నిలుచును, ఆ లెక్క యెచ్చట ప్రకటింపబడినది, అని యడుగవలెను. సంస్థ ప్రజలదైనపుడు అట్లడుగుట పౌరుని హక్కు మాత్రమే కాదు, విధియు నైయున్నది.