సైకిలు గొలుసుకు ఏ కందెన?

పూర్వం మన పల్లెలలో బండి ఇరుసుకు ఆముదం కందెన. సైకిలుకు కొబ్బరినూనె వేసినవారూ ఉన్నారు. చలిదేశాలలో అది పనికిరాదు. సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుంది. వంటనూనెలు గాలి సోకి జిగురవుతాయి.

గొలుసులో రాపిడి జరిగేది పైన కాదు, లోపలి సీలల చుట్టూ. కనుక నూనె లోపలికి ఇంకాలి. ముందుగా గొలుసును పొడిగుడ్డతో తుడిచి, ఒక్కొక్క రోలరుపై ఒక్కొక్క చుక్క వేసి, పెడలును నెమ్మదిగా త్రిప్పాలి. కొంతసేపటికి పైన మిగిలినదంతా తుడిచివేయాలి. లేనిచో దానికి దుమ్ము అంటుకొని, ఆకురాయి వలె లోహాన్ని అరగదీస్తుంది. పొడి వాతావరణానికి మైనపు కందెన, వానలకు చిక్కని నూనె మేలు. 1953లో అమెరికాలో రూపొందిన డబ్ల్యుడి-40 ముఖ్యంగా నీటిని తొలగించడానికి పుట్టినది. గొలుసుకు అదొక్కటే చాలదు.

బ్రేకు తీగ నడిచే గొట్టంలో ప్లాస్టిక్ పొర ఉంటే పలుచని నూనె ఒకటి రెండు చుక్కలు చాలు. చిక్కని గ్రీజు చలికి బిగుసుకొని తీగను మందగింపజేస్తుంది.

ఒక్క హెచ్చరిక: బ్రేకు రబ్బరుకు, అది పట్టుకొనే చక్రపు అంచుకు, డిస్కుకు నూనె సోకరాదు. సోకితే బ్రేకు జారుతుంది. నూనె వేసిన ప్రతిసారీ, పిల్లలు సైకిలెక్కక ముందే, పెద్దలు బ్రేకు నొక్కి చూడాలి. గొలుసు కిర్రుమంటే చెవికి తెలుస్తుంది. బ్రేకు జారేది మాత్రం వీథిలోనికి వెళ్ళాకే తెలుస్తుంది.